మత్సుతారో షోరికి: పత్రిక నుంచి వీధి టెలివిజన్ దాకా

1923 డిసెంబరులో యువరాజు హిరోహితోపై జరిగిన హత్యాయత్నం కారణంగా టోక్యో పోలీసు శాఖలో ఉన్నత పదవిని పోగొట్టుకున్న మత్సుతారో షోరికి, మరుసటి ఏడాది రాజకీయ నాయకుడు షింపెయి గోతో సమకూర్చిన అప్పుతో, చితికిపోయిన యోమియురి షింబున్ దినపత్రికను చేజిక్కించుకున్నాడు. 1925లో జపానులో రేడియో మొదలైన కొద్ది నెలలకే ప్రసార వివరాలకు ప్రత్యేక పుటలు కేటాయించి శ్రోతలను పాఠకులుగా మార్చుకున్నాడు. 1934లో బేబ్ రూత్ ఉన్న అమెరికా బేస్‌బాల్ జట్టును రప్పించడంలోనూ ఎత్తుగడ అదే.

యుద్ధనేరాల అనుమానితుడిగా సుగామో జైలులో ఉండి, విచారణ లేకుండానే 1947లో విడుదలైన ఆయన, 1953 ఆగస్టులో తొలి వాణిజ్య టెలివిజన్ సంస్థ నిప్పన్ టీవీ ప్రసారాలను ప్రారంభించాడు. సెట్టు కొనే స్తోమత సామాన్యులకు లేకపోవడంతో షింబషి స్టేషను ముంగిలి వంటి కూడళ్లలో వీధి టెలివిజన్లు, అంటే దారిన పోయేవారు నిలబడి చూసే బహిరంగ సెట్లు, పెట్టించగా, 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్ కుస్తీల కోసం వేల జనం ఎగబడ్డారు. ఇళ్లలో సెట్లు లేకున్నా, ప్రకటనదారులకు చూపడానికి ఆ గుంపులే చాలాయి. ఇదంతా వ్యాపార చతురతే అనుకోవచ్చు గాని, సొంత పత్రికలో అణువిద్యుత్తుకు ప్రచారం సాగించిన యజమానే 1956లో అణుశక్తి సంఘానికి తొలి అధ్యక్షుడు కావడాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేం.