మొసలి బొమ్మా? కుదిరిన కొలతా?

ఫ్రెంచ్ టెన్నిస్ ఆటగాడు రెనే లాకోస్ట్‌కు ఆ రోజుల్లోని టెన్నిస్ చొక్కాలతో పెద్ద ఇబ్బంది. పొడుగు చేతులు, బిరుసు గుడ్డ. బంతి కొడదామంటే ఒళ్లు వంగనిచ్చేవి కావు. 1920లలో ఆయన పొట్టి చేతులతో, మెత్తటి అల్లిక గుడ్డతో చేసిన చొక్కా వేసుకుని కోర్టులోకి దిగాడు. అభిమానులు ముద్దుగా ‘మొసలి’ అనేవారు కనుక, 1933లో వ్యాపారం మొదలుపెట్టినప్పుడు అమ్మకానికి పెట్టిన చొక్కాల ఎదమీద మొసలి బొమ్మ వెలిసింది. ఒంటికి హాయి కోసం చొక్కా ముందు పుట్టింది, బొమ్మ తర్వాత అతుక్కుంది. ఇవాళ కొనేవాడి కంట ముందు పడేది బొమ్మే. భుజం జారిన సంగతి ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డాక గానీ తెలియదు.

ఇంతకీ మగవాడికి అందం తెచ్చేది ఏది?

నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నెలిస్సెన్, మైయర్స్ 2011లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఫొటోలో మనిషి ఒకడే, పోలో చొక్కా ఒకటే. ఎదమీది బొమ్మ మాత్రం మారుతుంది. ఖరీదైన బ్రాండు బొమ్మ కనిపిస్తే చూసినవాళ్లు అతనికి డబ్బుంది, హోదా ఉంది అనుకున్నారు. అందం దగ్గరకొచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. మరో ప్రయోగంలో ఒక యువతి షాపింగ్ మాల్‌లో జనాన్ని ఆపి సర్వే ప్రశ్నలకు జవాబివ్వమని అడిగింది. బ్రాండు బొమ్మ ఉన్న స్వెట్టర్ వేసుకున్నప్పుడు 52 శాతం మంది సరేనన్నారు, బొమ్మ లేనప్పుడు 13 శాతమే. అయితే ఇంకో ప్రయోగంలో, వేసుకున్న బట్టలు సొంతవి కావు, ప్రయోగం కోసం ఇచ్చినవని తెలిసేసరికి ఇలాంటి మర్యాద ఆవిరైపోయింది. అంటే జనం దండం పెట్టింది జేబుకే.

మరి కొలత? ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన కరెన్ పైన్, సహ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో మొహం మసకచేసిన మగవాడి ఫొటోలను కొన్ని క్షణాలపాటే చూపారు. ఒక దాంట్లో రెడీమేడ్ సూటు, ఇంకో దాంట్లో కొలతలిచ్చి కుట్టించింది. రెండిటికీ తేడా స్వల్పమే. అయినా కుట్టించిన సూటులో అతను మరింత ఆత్మవిశ్వాసం ఉన్నవాడిగా, ఎక్కువ సంపాదించేవాడిగా కనిపించాడు.

ఈ ‘కుదరడం’ గురించి 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ అని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. మొలనూలు మెడకు, హారం నడుముకు, అందెలు చేతులకు పెట్టుకుంటే నవ్వరా అని అడుగుతాడు. ఆయన మాట్లాడుతున్నది కావ్యం గురించే అయినా, పోలిక తెచ్చుకున్నది అలంకరణ నుంచి. మేలిమి బంగారమైనా చోటు తప్పితే నవ్వులపాలే.

గ్రీకులు ఇంకో మెలిక పెట్టారు. ప్లేటో పేరుతో ఉన్న ‘హిప్పియాస్ మేజర్’ సంభాషణలో హిప్పియాస్ అనే పండితుడు సోక్రటీసుకు ఒక ఉదాహరణ చెబుతాడు: చూడగానే నవ్వొచ్చే మనిషి కూడా నప్పే బట్టలో, చెప్పులో తొడిగితే అందంగా కనిపిస్తాడు. సోక్రటీసు వెంటనే పట్టుకుంటాడు. ఉన్నదానికన్నా అందంగా చూపించేదయితే అది అందం ఎలా అవుతుంది, ఒక రకం మోసం కాదా?

ఈ ప్రశ్న కొలతకూ తగులుతుంది. మంచి టైలరు వంగిన వీపును దాచగలడు, పల్చటి ఛాతీని నిండుగా చూపగలడు. కానీ రెండు మాయలూ ఒకటి కావు. బ్రాండు బొమ్మ ఏ ఒంటి మీదున్నా ఒకే మాట చెబుతుంది, ధర మాట. కొలత అలా కాదు, అది ఆ ఒక్క మనిషి భుజాన్నీ మెడనూ చేతి పొడవునూ లెక్కలోకి తీసుకుంటుంది. కాస్త మెరుగుపెట్టినా అది చూపించేది అతన్నే. అందుకే ఈ తగవులో తీర్పు కొలతవైపే.

కొనబోయేవారికి ఒక మాట: నడుము బిగించడం, ప్యాంటు పొడవు తగ్గించడం టైలరుకు చిన్న పని. కోటు భుజం సరిచేయాలంటే మాత్రం చెయ్యి మొత్తం విప్పి మళ్లీ ఎక్కించాలి. బొమ్మ చూసే ముందు భుజం కుట్టు ఎక్కడ ఆగిందో చూసుకోండి.