చూపరికి ఫలాపేక్ష తగునా?

ఆగస్టు మాసాంతమున, బహ్రెయిన్ ద్వీపములపై ఉక్కయు వేడిగాలియు ఇంకను తగ్గకమునుపే, ముహర్రక్ పట్టణపు కాఫీ అంగళ్ళలో రాబోవు ఫుట్‌బాల్ సీజనును గుఱించిన ప్రసంగము మొదలగును. అప్పటికి ఒక్క బంతియైనను గోలు గీతను దాటియుండదు. లీగు పట్టికలో అన్ని జట్లకును సున్నయే. క్రొత్తగా ఎవరు చేరిరి, ఎవరి మోకాలు మానినది, విదేశమునుండి వచ్చిన శిక్షకుడు ఎట్టివాడు అని తాతలును మనుమలును ఒకే బల్లచుట్టు కూర్చుండి తర్కింతురు. ఈ యేడు లీగు మనదేనా యని అడిగినవానికి "ఇన్‌షా అల్లా" యను ప్రత్యుత్తరము వచ్చును. బంతిని తన్నువాడు ఒకడు, తర్ఫీదు ఇచ్చువాడు వేఱొకడు, జీతము చెల్లించువాడు మఱియొకడు. అయినను గెలుపోటములు రెండును తనవేయని నిండు మనస్సుతో నమ్ము అభిమాని వీరెవ్వరును కాడు. తన చేతిలో లేని కర్మయొక్క ఫలమును ఇంత గాఢముగా కోరుట మనుష్యునకు తగునా? ఇది పైకి ఆటకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని, తఱచి చూచినకొలది ధర్మవిచారమునకు చెందినదిగా నాకు తోచుచున్నది.

ఫలాసక్తిని విడువుమని గీతాశాస్త్రము ఉపదేశించినది కర్తకు. అర్జునుని చేతిలో గాండీవము కలదు. చేయవలసిన పని కలదు. కనుక పనిని ఉంచుకొని ఫలమును భగవంతునకు వదలుట అతనికి సాధ్యము. చూపరికి పనియే లేదు. ఫలమును గూర్చిన కోరికయొక్కటే అతని సర్వస్వము. దానిని వదలుమన్నచో అతనికి మిగులునది శూన్యము. కాబట్టి గీత చూపరికి ఏమియు చెప్పలేదని తలంచువారు ఆ గ్రంథముయొక్క మొదటి పలుకును, కడపటి పలుకును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మొదటి పలుకు ధృతరాష్ట్రునిది. యుద్ధభూమికి దూరముగా కూర్చుండి, నావారును పాండుపుత్రులును ఏమి చేసిరని అడిగిన ఆ వృద్ధుడు పరిపూర్ణముగా చూపరియే. కడపటి పలుకు సంజయునిది, అతడును చూపరియే. కృష్ణార్జునులు ఎక్కడనుందురో విజయమును అక్కడనే యుండునని అతడు తన నిశ్చయమును రాజునకు తెలుపును. అనగా యుద్ధము ఇంకను ఒక కొలికికి రాక పూర్వమే సంజయుడు ఫలితమును ఊహించి చెప్పినాడు, దానికై నిరీక్షించినాడు. ఆ నిరీక్షణను దోషమని ఏ వ్యాఖ్యాతయు అన్నట్లు నేనెఱుగను.

ధృతరాష్ట్రుని దోషము తనవారిని ప్రేమించుట యందా? కాదనియే నా అభిప్రాయము. ముహర్రక్ వీథులలో పుట్టి పెరిగినవానికి ముహర్రక్ జట్టుపైని ప్రేమ, తండ్రికి కొడుకులపైని ప్రేమవలెనే, తర్కించి తెచ్చుకొన్నది కాదు. దానిని వదలుమనుట పుట్టుకను వదలుమనుటయే. జూదమునందలి కపటమును ఎఱిగియుండియు, గెలుపు దక్కెనా యని మాత్రమే ఆతురపడి అడిగిన ఆ సభాదినమున ధృతరాష్ట్రుని పాపము స్థిరపడినది. ఎట్లు గెలిచిరన్న విచారము నశించి, గెలిచిరా యన్న విచారమొక్కటే మిగిలినప్పుడు మమత అంధత్వమగును. సంజయుని చూపునకు ఆ అంధత్వము లేదు. తానున్నది కౌరవుల కొలువులోనే యైనను, గెలుపునకు అర్హత ఎవరియందున్నదో అతడు చూడగలిగెను.

ఇక్కడ వైరాగ్యవాదులు భాగవతమునందలి పింగళోపాఖ్యానమును ముందుంచుదురు. తెనుగుభాగవతమున వెలిగందల నారయ రచించిన ఏకాదశస్కంధమునను ఆ కథ కలదు. విదేహనగరమున పింగళ యను వేశ్య ధనము తెచ్చు విటునికై అర్ధరాత్రమువఱకు వాకిట వేచి, ఎవ్వడును రాకపోగా, ఆశను మొదలంట త్రుంచివైచి హాయిగా నిద్రించెను. ఆశయే దుఃఖమనియు, నిరాశయే సుఖమనియు ఆమెవలన నేర్చితినని అవధూత యదుమహారాజుతో చెప్పెను. ఉపాఖ్యానము మిక్కిలి గొప్పది. కాని పింగళ నిరీక్షించినది వెలకొఱకు. శబరి నిరీక్షణయు నిరీక్షణయే గదా! ఆమె ఆశను త్రుంచుకొనుమని మతంగుడు చెప్పలేదు. వచ్చువఱకు వేచియుండుమనియే చెప్పెను. ఆశలన్నియు ఒక జాతివి కావు.

బహ్రెయిన్ ప్రజలు ఈ విషయమును గ్రంథములనుండి కాక అనుభవమునుండియే నేర్చుకొన్నారు. 2005వ సంవత్సరమున ప్రపంచకప్పు అర్హతకై వారి జాతీయజట్టు ఉజ్బెకిస్తానుతో తలపడినప్పుడు, తాష్కెంటులో మొదటి ఆటను ఉజ్బెకులు 1-0 గా గెలిచిరి. ఆ ఆటలో వారి పెనాల్టీ గోలు ఒకటి కొట్టివేయబడినది. మరల తన్నించవలసియుండగా రిఫరీ నియమము తప్పి బహ్రెయినుకు ఫ్రీకిక్కు ఇచ్చెను. గెలిచినవారే ఫిర్యాదు చేసి, తమకు 3-0 విజయమును ప్రసాదింపుమని కోరిరి. ఫిఫా ఆ ఆటనే రద్దుచేసి తిరిగి ఆడుమనెను. తిరిగి ఆడినది 1-1, మనామాలో ఆడినది 0-0. పరాయిగడ్డపై కొట్టిన ఆ ఒక్క గోలు బలమున బహ్రెయిను ముందునకు సాగెను. చేతనున్న ఫలమును చాలదనుకొన్నవారికి ఉన్నదియు పోయినది. ఆ మీదట ట్రినిడాడ్ అండ్ టొబాగోతో పోర్ట్ ఆఫ్ స్పెయినులో 1-1 గా నిలిచి, ఒక్క అడుగు మిగిలినదనుకొన్న నవంబరు 16వ తేదీ రాత్రి, మనామాలో తమ ప్రజలయెదుటనే బహ్రెయినీయులు 0-1 గా ఓడిరి.

నాలుగేండ్ల పిమ్మట అదియే వాకిలి మరల తెఱువబడెను. 2009 సెప్టెంబరులో రియాదునందు అదనపు సమయమున సౌదీలు 2-1 గా ముందంజ వేయగా, ఇక అంతయు ముగిసినదని తలంచిన క్షణమున ఇస్మాయిల్ అబ్దుల్ లతీఫ్ తలతో బంతిని గోలులోనికి పంపెను; 2-2తో బహ్రెయిను తరువాతి అంచెకు చేరెను. మనామాలో న్యూజీలాండుతో 0-0. నవంబరు 14న వెల్లింగ్టనులో రోరీ ఫాలన్ తలతో కొట్టిన గోలుకు బహ్రెయిను బదులు చెప్పవలసియుండగా, పెనాల్టీ లభించెను. సయ్యద్ మహమ్మద్ అద్నాన్ తన్నిన ఆ బంతిని న్యూజీలాండు గోల్‌కీపరు మార్క్ పాస్టన్ పట్టుకొనెను. రెండు పర్యాయములు ప్రపంచకప్పు గడపవఱకు వెళ్ళి మరలిన ఆ దేశమునకు 2019 డిసెంబరు 8న దోహాలో సౌదీపై 1-0 గెలుపుతో మొదటి గల్ఫ్ కప్పు దక్కెను. 1970లో ఆ పోటీ మొట్టమొదట జరిగినది బహ్రెయిను గడ్డమీదనే. ఆతిథ్యమిచ్చినవారికి కప్పు అందుటకు నలువదితొమ్మిదేండ్లు పట్టెను. 2025 జనవరి 4న కువైటులో ఒమానుపై 2-1 గా రెండవది వచ్చెను. ఆ గెలుపునిచ్చిన గోలు ఒమాను ఆటగాని కాలినుండియే వారి గోలులోనికి పోయినది. కర్త చేతిలోనైనను ఫలము పూర్తిగా లేదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమేల?

ముహర్రక్‌లో ఆశకు మఱియొక చరిత్ర కలదు. దానిని తలంపక ఈ విచారము పూర్తికానేరదు. చమురు బయటపడిన 1932కు పూర్వము ఆ పట్టణము ముత్యములపై బ్రతికినది. ఆ కాలపు ఇండ్లను, గిడ్డంగులను, సముద్రతీరమును యునెస్కో 2012లో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. ప్రతి వేసవియందును పడవలు నెలలకొలది సముద్రముమీదికి పోయెడివి. పోకముందే మునుగువాడు పడవ నాయకుడైన నఖోదాయొద్ద ముందుగా సొమ్ము అప్పు తీసికొనెడివాడు. ముత్యములు దొరకనిచో ఆ అప్పు మరుసటి యేటికి, అతడు మరణించినచో కొడుకులమీదికి వచ్చెడిది. 1920లలోని సంస్కరణములవఱకు ఈ పద్ధతి సాగెను. సీజను ఆరంభమున మునుగువానికిని ఆశ యుండెను, అప్పిచ్చినవానికిని ఆశ యుండెను. ఒకనిది సముద్రమును నమ్మిన ఆశ, వేఱొకనిది మనుష్యుని బంధించిన ఆశ. ముత్యముల వ్యాపారము తుదిదశకు చేరుచున్న 1928లో ఆ పట్టణముననే ముహర్రక్ క్లబ్బు పుట్టినది.

ముప్పదికి పైగా లీగులను, 2008లోను 2021లోను ఏషియా ఫుట్‌బాల్ సమాఖ్య కప్పును గెలిచిన ఆ క్లబ్బు, 2018 తరువాత 2025 దాక లీగును గెలువలేకపోయెను. ఆ నడిమి కాలమున 2020లో ఏర్పడిన ఖాల్దియా క్లబ్బు వరుసగా రెండేండ్లు లీగును కొనిపోయినది. తాతలనాటి కీర్తి క్రొత్తవారిని ఆపలేదు. ఆపవలెనని కోరుటయు న్యాయము కాదు. అట్టి యేండ్లలో అభిమానికి రెండు త్రోవలు కలవు. ఆటగాండ్రు తనకు అప్పుపడినవారన్నట్లు, ప్రతి ఓటమిని వడ్డీతో లెక్కించి, బంతి తప్పినవాని పేరు చెప్పి తిట్టువాడు నఖోదా లెక్కల పుస్తకము పట్టుకొన్నవాడే. బాగుగా అభ్యాసము చేయుడు, నిజాయితీగా ఆడుడు, క్లబ్బు సొమ్మును సక్రమముగా వెచ్చింపుడు అని గట్టిగా అడుగువాడు వేఱు. అడుగుటకు అతనికి హక్కు కలదు, ఎందుకనగా అవి చేయగలవారి చేతిలోనున్నవి. గెలుపు ఎవరి చేతిలోను లేదు. దానిని కోరవచ్చును గాని బాకీగా రాబట్టరాదు.

ఇస్లాము చెప్పు తవక్కుల్, అనగా ఈశ్వరునిపై భారము వేయుట, దీనికి దూరమైనది కాదు. పదునొకండవ శతాబ్దిలో పుట్టిన ఇమామ్ గజాలీ తన ఇహ్యా ఉలూమ్ అద్దీన్ అను మహాగ్రంథమున ఒక భాగమునంతయు తౌహీద్, తవక్కుల్‌లకే కేటాయించి, సాధనములను వదలి కూర్చుండుట దేవునియందలి నమ్మకము కాదని నిరూపించినాడు. కాఫీ అంగడిలో వృద్ధుడు పలికిన "ఇన్‌షా అల్లా" యందు కోరికయు కలదు, ఆ కోరిక తీరకున్నను నిందింపనను ఒప్పందమును కలదు. ఆ రెండును ఒకే హృదయమున ఇముడుట నాకు గీతయందలి సంజయుని చూపునకు మిక్కిలి చేరువగా కనబడినది.

బహ్రెయినులో పనిచేయు తెలుగువారికి ఒక మనవి. మనలో పలువురము సంవత్సరముల తరబడి ఆ నేలమీద నుండియు, ఆ ఊరి జట్టును ఒక్కసారియైనను చూడక, క్రికెట్టు ముచ్చట్లతో శుక్రవారములను గడుపుచున్నాము. ఈ సీజనున ఒక సాయంకాలము ఆరాద్‌లోని స్టేడియమునకు వెళ్ళి ముహర్రక్ అభిమానుల నడుమ కూర్చుండుడు. ఆ జట్టు ఆ దినమున ఓడినచో, తరువాతి ఆటకును తప్పక వెళ్ళుడు.