11 ప్రదక్షిణలు చేసినా నిద్ర పట్టట్లేదా?

 

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే బీజాపూర్ రోడ్డు మీలో చాలామందికి తెలుసు. రెండు పక్కలా ముసలి మర్రిచెట్లు, మొయినాబాద్ వైపు చిలుకూరు బాలాజీ. చేవెళ్ల మండలంలోనే ఆ రోడ్డు మీద ఆలూరు ఉంది. 2024 డిసెంబరు 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి ఒక లారీ దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి.

అలాంటిది కళ్లారా చూసి, ఒంటి మీద గీత కూడా పడకుండా ఇంటికొచ్చిన మనిషిని ఊహించుకోండి. నెలలు గడుస్తాయి. లారీ హారన్ వినపడితే చాలు, గుండె దడదడలాడుతుంది. రాత్రి నిద్ర ఉండదు. ఇంట్లో పెద్దలు "జడుసుకున్నడు" అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. వాళ్ల ప్రేమను తప్పు పట్టను. కానీ లోపల జరుగుతున్నది ఇది: ప్రమాదం వస్తే హెచ్చరించే అమిగ్డాలా అనే భాగం మన మెదడులో ఉంది. ప్రమాదం పోయినా అది ఇంకా గంట కొడుతూనే ఉంది. ఇందులో దేవుడి కోపం ఎక్కడుంది? భక్తి తక్కువవడం ఎక్కడుంది?

మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "గురువుగారూ, రోజూ చాలీసా చదువుతున్నా. అయినా డిప్రెషన్ ఎందుకు? నా కర్మా?"

చరకసంహిత నిదానస్థానంలో ఏడో అధ్యాయం ఉన్మాదం గురించే. అందులో ఉన్మాదాన్ని ఐదు రకాలు చేశారు. నాలుగు శరీరంలోని దోషాల వల్ల వచ్చేవి, ఒక్కటే బయటి నుంచి వచ్చేది. కారణాలు చెప్పేటప్పుడు పడని తిండి, రోగంతో చిక్కిపోయిన ఒళ్లు, భయం, శోకం, చింత, మోహం అన్నీ ఒక్కచోట పెట్టారు. అంటే ఒళ్లూ మనసూ రెండూ కారణాలేనని అన్ని వందల ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు. ఇంకో మాట కూడా ఉంది. తనంతట తాను క్లేశపడని మనిషిని దేవతలూ గంధర్వులూ పిశాచాలూ వచ్చి పీడించరు, కాబట్టి వాళ్లని నిందించకు అని. అక్కడ కర్మ ప్రస్తావనా ఉంది, దాచను. సరే, షుగర్ కూడా కర్మే అనుకుందాం. అలా అని ఇన్సులిన్ మానేస్తామా?

ఇప్పటి వైద్యం దీన్ని ఇంకా వివరంగా చెబుతుంది. థైరాయిడ్ తగ్గితే నీరసం, దిగులు, దేని మీదా మనసు లేకపోవడం వస్తాయి, అచ్చం డిప్రెషన్‌లాగే. బి12 తగ్గినా అంతే. మనలో శుద్ధ శాకాహారులు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ విటమిన్ మొక్కల్లో దాదాపు దొరకదు. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే సంగతికి మూడేళ్లు జాతకాలు పట్టుకు తిరిగే ఇళ్లున్నాయి! స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యం పాత్ర పెద్దది. అయితే ఒకే రూపు కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్లకి తప్పకుండా వస్తుందని లేదు. పుట్టుకతో వచ్చిన బీజానికి పెరిగిన నేల తోడవ్వాలి. చిన్నప్పటి దెబ్బలు, గంజాయి, ఒంటరితనం... ఆ నేల ఇదంతా.

గీత సంగతికొద్దాం. అర్జునుడికి నోరెండింది, ఒళ్లు వణికింది, గాండీవం జారింది. కృష్ణుడు మొదట గట్టిగా మందలించాడు, ఈ పిరికితనం నీకు తగదని. మన బంధువులు ఈ ఒక్క ముక్కే పట్టుకుని "ధైర్యంగా ఉండరా, ఏమైంది నీకు" అంటుంటారు. ఆ మందలింపు పని చేయలేదని ఎవరూ చెప్పరు! అది విన్నాక కూడా అర్జునుడు యుద్ధం చేయనని కూర్చుండిపోయాడు. అప్పుడు స్వామి చిరునవ్వుతో, ఓపిగ్గా, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబిస్తూ పద్దెనిమిదో అధ్యాయం దాకా మాట్లాడాడు. ఇంకో సంగతి. అర్జునుడిది దుఃఖం. చెవిలో లేని గొంతులు వినపడేవాడిది రోగం. వాడికి శ్లోకం ఒక్కటే సరిపోదు, మందు కావాలి.

మరి గుడికి వెళ్లడం దండగా? కాదు. తమిళనాడులో ఒక ముత్తుస్వామి గుడిలో ఉండి వెళ్లిన 31 మంది మానసిక రోగుల్ని పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పొద్దున కాసేపు ప్రార్థన, తర్వాత ఊడవడం, మొక్కలకి నీళ్లు పోయడం, పక్కన ఇంటి మనిషి. సగటున ఆరు వారాలకి లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. ఆదరించే చోటు అంత మేలు చేసింది. కానీ మిగతా 80 శాతం అలాగే ఉంది, అదీ చూడాలి.

చిలుకూరులో కోరికకి 11, తీరాక 108 ప్రదక్షిణలు. చేయండి. నడక, నామం, పక్కన నలుగురు, అన్నీ మంచివే. టాబ్లెట్ మాత్రం ఆపకండి. దీక్ష తీసుకున్నా ఆపకండి. డిప్రెషన్ మందు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. బాగుందని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. లిథియం వాడేవాళ్లయితే నిర్జల ఉపవాసం, ఉప్పు మానేసే వ్రతం డాక్టర్‌ని అడగకుండా చేయొద్దు. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగిపోయి ప్రాణం మీదికొస్తుంది.

హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ణి" అని నవ్వుకోవడం మనకి అలవాటు. ఆ నవ్వుకి భయపడే చాలామంది ఓపీ చీటీ దగ్గరికే వెళ్లరు. మీ ఫ్రెండ్ వెళ్తానంటే తోడు వెళ్లండి. శనివారం చిలుకూరుకి కలిసి వెళ్లట్లేదా, ఇదీ అంతే. చనిపోవాలన్న ఆలోచన వస్తే పొద్దుటి దాకా ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళకైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.