సేవను శాసింపవచ్చునా?

కళాశాలలో చదువుకొనే యువకుడు జాతీయ సేవా పథకంలో చేరినచో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయవలెను. ఏదైనా ఒక గ్రామంలో జరిగే ప్రత్యేక శిబిరంలోనూ పాల్గొనవలెను. గంటలు నిండిన పిమ్మట ధ్రువపత్రం లభించును. ఈ ఏర్పాటును చూచిన పెద్దలలో రెండు విధాల మాట వినబడుచున్నది. దీనిని అందరికీ తప్పనిసరి చేసిన గాని ఈ తరానికి దేశమన్న భావం కలుగదని కొందరందురు. గంటలు లెక్కించి చేయించేది సేవ కాదు, కూలి లేని కూలిపని అని మరికొందరందురు. ఈ వాదం నేటిది కాదు, మన దేశానికి మాత్రమే చెందినదీ కాదు. నూరేళ్ళకు పైగా అనేక దేశాలు దీనితో పెనుగులాడుచున్నవి. బసవమార్గంలో నడిచే కుటుంబాలకైతే ఇది ఇంటిలోని ప్రశ్నయే. కాయకం, దాసోహం అనే రెండు మాటలకు గల సంబంధమే ఇందులో పరీక్షకు వచ్చుచున్నది.

శరణుల దృష్టిలో కాయకం నుండి ఎవరికీ మినహాయింపు లేదు. కల్యాణంలో బిజ్జలుని కొలువున మంత్రిగా ఉన్న బసవేశ్వరునికి, బట్టలుతికే మడివాళ మాచయ్యకు, పడవ నడిపే అంబిగర చౌడయ్యకు అది ఒకే విధంగా వర్తించినది. ఆ అర్థంలో కాయకం విధి. దాసోహం అట్టిది కాదు. తాను ఆర్జించినది తనది కాదని ఎరిగినవాడు దానిని జంగమానికి, అనగా సమాజానికి, వినయంతో సమర్పించుట దాసోహం. దానిని మరొకరు చేయించలేరు. చేయించినచో అది కప్పమగును. అట్లయినచో యువకులు దేశానికి చేయు సేవ ఈ రెండింటిలో ఏది? కాయకమైతే విధింపవచ్చును, దాసోహమైతే విధింపరాదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

1910లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ ప్రచురించిన ఒక వ్యాసం ఈ చర్చకు ఆధునిక కాలంలో నాంది పలికినది. యుద్ధం మనుష్యులలో ధైర్యాన్ని, క్రమశిక్షణను, త్యాగాన్ని పెంచునని ఒప్పుకొంటూనే, ఆ గుణాలు రక్తపాతం లేకుండ రావలెనన్నచో యువకులందరినీ కొన్నేళ్ళపాటు గనులకు, చేపల పడవలకు, రోడ్డు పనులకు పంపవలెనని ఆయన వ్రాసినాడు. ధనవంతుల బిడ్డలను విడువరాదన్నాడు. బట్టలుతుకుట, అంట్లు తోముట కూడ ఆయన చెప్పిన పనులలో ఉన్నవి. మాచయ్య కాయకం ఎనిమిది శతాబ్దాల అనంతరం అమెరికా చేరినదని తోచకపోదు. కాని జేమ్స్ కోరినది నిర్బంధాన్నే. సైన్యంలోనికి తీసికొన్నట్లే పనిలోనికి తీసికొనవలెనని ఆయన మతం.

పదేళ్ళకు మరొక మార్గం కనబడినది. స్విట్జర్లాండు అధ్యక్ష పదవి నిర్వహించిన వాని కుమారుడు పియెర్ సెరెసోల్, సైనిక పన్ను చెల్లించనని చెరసాలకు వెళ్ళినవాడు, 1920లో కొద్దిమంది మిత్రులతో ఫ్రాన్సులోని వెర్దున్ సమీపాన ఉన్న ఎన్ అనే గ్రామానికి పోయినాడు. మొదటి ప్రపంచయుద్ధం ఆ గ్రామాన్ని నేలమట్టం చేసినది. ఆ మిత్రబృందంలో జర్మనులు కూడ ఉన్నారు. నిన్నటివరకు ఫిరంగులు పేల్చిన జాతివారు వచ్చి ఇండ్లు కట్టి పొలాలు బాగుచేసినారు. గ్రామంలో వ్యతిరేకత పెరిగి కొన్ని మాసాలకే పని ఆపివేయవలసి వచ్చినది. అయినను అంతర్జాతీయ స్వచ్ఛంద సేవాసంస్థ ఒకటి దాని నుండియే పుట్టినది. 1934 జనవరిలో బీహారు భూకంపం సంభవించిన పిమ్మట సెరెసోల్ మన దేశానికి కూడ వచ్చి అక్కడ పని చేసినాడు. ఆయనను ఎవరూ శాసింపలేదు. పైగా శాసనం ఆయనను వద్దన్నది.

ఈ రెండు మార్గాలూ ఒకే దేశంలో ఏమైనవో జర్మనీ చరిత్ర చెప్పును. అక్కడ 1931లో నిరుద్యోగులైన యువకుల కొరకు స్వచ్ఛంద శ్రమసేవ ఆరంభమైనది. ఉద్దేశం మంచిదే. నాలుగేళ్ళు గడువకముందే అధికారం హిట్లరు చేతికి చిక్కినది. 1935లో ఆరు మాసాల శ్రమసేవ చట్టరీత్యా నిర్బంధమైనది. యువకులు పారలను తుపాకుల వలె భుజాన మోసి కవాతు చేసినారు. పార పట్టించినది పొలం కొరకు కాదని త్వరలోనే లోకానికి తెలిసివచ్చినది. ఈ అనుభవం వలననే 1949 నాటి జర్మన్ రాజ్యాంగం, అందరికీ సమానంగా వర్తించే సాంప్రదాయిక ప్రజాసేవ తప్ప మరే పనినీ ఎవరిచేతనూ బలవంతంగా చేయింపరాదని నిషేధించినది. తరువాత సైనికసేవ మరల వచ్చినది. ఆయుధం పట్టుటకు అంతరాత్మ ఒప్పనివారికి 1961 నుండి పౌరసేవ ఏర్పడినది. అర్ధశతాబ్ది కాలం లక్షలాది యువకులు ఆసుపత్రులలో, వృద్ధాశ్రమాలలో పని చేసినారు. ముదుసలికి స్నానం చేయించుట, అన్నం తినిపించుట వారి విధి. చట్టం పంపగా వెళ్ళినవారే అయినను, కొందరు ఆ వృత్తిలోనే స్థిరపడినారు. 2011లో నిర్బంధం ఆగినప్పుడు వృద్ధాశ్రమాల గతి ఏమగునో అని చాలమంది భయపడినారు. దాని స్థానంలో వచ్చిన స్వచ్ఛంద సేవను స్త్రీలకు, వయసు మళ్ళినవారికి కూడ తెరచినారు. ప్రభుత్వం సిద్ధపరచిన 35,000 స్థానాలు నిండినవి. పూర్వపు సంఖ్య అంత రాలేదన్నది నిజం. కాని పిలిచినచో వచ్చువారున్నారన్నదియు నిజమే.

నైజీరియా కథ ఇంకొక విధం. 1967 నుండి 1970 వరకు అక్కడ అంతర్యుద్ధం జరిగి దేశం రెండుగా చీలబోయి నిలిచినది. 1973లో గోవన్ ప్రభుత్వం ఒక శాసనం చేసి, పట్టభద్రులు తమ రాష్ట్రం కాని మరొక రాష్ట్రంలో ఏడాదిపాటు సేవ చేయవలెనని నిర్ణయించినది. ఒక తెగ బిడ్డ మరొక తెగ గ్రామంలో పాఠం చెప్పును, వారి అన్నం తినును, వారి భాషలో నాలుగు మాటలు నేర్చును. తమంతట తాము ఎన్నడూ వెళ్ళనివారిని చట్టం పంపినది. దాని ఫలితంగా స్నేహాలు, వివాహాలు కూడ జరిగినవి. అట్లని దాని మూల్యాన్ని మరువరాదు. 2011 ఎన్నికల అనంతరం చెలరేగిన హింసలో బౌచీ రాష్ట్రంలో సేవలో ఉన్న పదిమంది యువతీయువకులు హతులైనారు. తన బిడ్డను ప్రభుత్వం ఆజ్ఞాపించి దూరదేశం పంపగా తిరిగి రానప్పుడు ఆ తల్లికి ఏ సమాధానం చెప్పగలరు? స్వయంగా వెళ్ళినవాని మరణానికీ దీనికీ భేదమున్నది. శాసించినవాడు ఆ ప్రాణానికి పూచీపడవలసి ఉన్నది.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం 1992లో ఉన్నత పాఠశాల పూర్తిచేయుటకు 75 గంటల సేవను నియమంగా పెట్టినది. పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ పట్టణంలోని పాఠశాలలు అంతకుముందే 60 గంటలు విధించగా కొందరు తల్లిదండ్రులు, విద్యార్థులు న్యాయస్థానానికెక్కినారు. వారు సేవ చేయని సోమరులు కారు. సేవ మంచిదే కాని, అది మంచిదని ఒప్పుకొనునట్లు ప్రభుత్వం బలవంతపెట్టరాదని, ఇది బానిసత్వాన్ని నిషేధించిన రాజ్యాంగ సవరణకే విరుద్ధమని వారి వాదం. 1993లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. చదువులో భాగంగా చేయించు పని బానిసత్వం కాదన్నది. చట్టం దృష్టిలో అది సరియైన తీర్పే కావచ్చును. మనస్సు సంగతి చట్టానికి అందదు. 1999లో ముగ్గురు అమెరికా మనస్తత్వవేత్తలు చేసిన పరిశీలనలో, తనను బలవంతపెట్టుచున్నారన్న భావం బలంగా కలిగిన విద్యార్థికి ముందుముందు సేవ చేయవలెనన్న కోరిక తగ్గినట్లు తేలినది. పనిని ఎన్నుకొనే స్వేచ్ఛ ఇచ్చినచోట ఆ నష్టం అంతగా లేదు.

మన దేశానికి వచ్చినచో, ఇక్కడ నిర్బంధసేవ అన్న మాటకు ఒక చేదు జ్ఞాపకం ఉన్నది. నిజాము పాలనలోని తెలంగాణలో వెట్టిచాకిరిని అనుభవించిన కుటుంబాల మనుమలు నేడు కళాశాలలలో ఉన్నారు. చాకలి, కుమ్మరి, మాదిగ మొదలైనవారు దొరల గడీలలో, అధికారుల మకాములలో ప్రతిఫలం లేకుండ పని చేయవలసి ఉండెను. దానిని తొలగించవలెనని ఆంధ్ర మహాసభ పోరాడినది. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించినది. అదే అధికరణం, ప్రజాప్రయోజనం కొరకు ప్రభుత్వం నిర్బంధసేవ విధింపవచ్చునని, అయితే అందులో మతం, జాతి, కులం, వర్గం అనే భేదం చూపరాదని కూడ చెప్పుచున్నది. ఈ రెండు మాటలు ప్రక్కప్రక్కనే ఉండుట కేవలం యాదృచ్ఛికం కాదు. వెట్టిలోని పాపం బలవంతం ఒక్కటే కాదు. కొన్ని కులాలపైననే ఆ బరువు పడినది, ఫలం ఒక్క దొరకే దక్కినది. అందరిపై సమానంగా పడి అందరికీ దక్కేది వెట్టి కాజాలదని రాజ్యాంగకర్తల భావం. కల్యాణంలో కాయకానికి ఇచ్చిన అర్థానికి ఇది దూరం కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్ళకే ఈ తగవు పైకి వచ్చినది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, విశ్వవిద్యాలయంలో చేరబోవు విద్యార్థులకు తొమ్మిది మాసాల నుండి ఏడాది వరకు జాతీయసేవ నిర్బంధం కావలెనని సూచించినది. వెంటనే కె.జి. సయ్యిదైన్ ఇతర దేశాల పద్ధతులను పరిశీలించి, అది స్వచ్ఛందంగా ఉండుటయే మేలని 1960లో నివేదించినాడు. సయ్యిదైన్ మాటయే నెగ్గినది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969 సెప్టెంబరు 24న వి.కె.ఆర్.వి. రావు కేంద్ర విద్యామంత్రిగా ఉండగా జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. 1976లో రాజ్యాంగానికి చేర్చిన ప్రాథమిక విధులలో, పిలుపు వచ్చినప్పుడు జాతీయసేవ చేయుట ఒకటి. అక్కడ కూడ వాడిన భావం ఆజ్ఞ కాదు, పిలుపు.

స్వచ్ఛందమే మేలని తేలినంత మాత్రాన పని ముగియలేదు. ధ్రువపత్రం కొరకు, ప్రవేశాలలో లభించే ప్రాధాన్యం కొరకు చేరినవాడు స్వచ్ఛందంగా వచ్చినాడనుట ఎంతవరకు సబబు? ఇక్కడ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ గుర్తుకు రావలెను. కల్యాణంలో శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకం. దానితోనే ఆ దంపతులు నిత్యం దాసోహం సాగించిరి. ఒకనాడు ఆయన రోజూ తెచ్చేదానికంటె ఎక్కువ తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికం ఎక్కడిది, ఆశ ఎందుకు పుట్టినదని నిలదీసి, తీసికొనిపోయి అక్కడనే పోసి రమ్మన్నది. పని తప్పుడు పని కాదు, బియ్యం దొంగిలించినవీ కావు. దాసోహం పేరిట వచ్చినను అవసరానికి మించినది వచ్చినచో కాయకం చెడునని ఆమె గ్రహించినది. మార్కుల కొరకు మొక్క నాటి, చిత్రం తీయించుకొని, నీరు పోయకుండ వెళ్ళిపోవు విద్యార్థిని లక్కమ్మ ఏమనునో ఊహించుట కష్టం కాదు.

శిబిరాలలో మరొక లోపమున్నది, అది ఇంతకంటె పెద్దది. ఏడు దినాలు యువకులు గ్రామవీధులు ఊడ్చెదరు, మురుగుకాలువలు తీసెదరు. ఎనిమిదవనాడు ఆ చీపురు ఎవరి చేతికి పోవును? తరతరాలుగా ఎవరి చేతిలో ఉన్నదో వారి చేతికే. ఆ సంగతిని శిబిరంలో ఎవరూ అడుగనిచో ఆ ఏడు దినాలు వినోదంగా మిగులును. ఇంగ్లండులో 1998లో బెర్నార్డ్ క్రిక్ అధ్యక్షతన వెలువడిన నివేదికను అనుసరించి 2002 నుండి పాఠశాలల్లో పౌరవిద్య తప్పనిసరి పాఠమైనది. నైతిక బాధ్యత, సమాజంలో పాలుపంచుకొనుట అనువాటితో పాటు రాజకీయ పరిజ్ఞానం కూడ ఉండవలెనని ఆ నివేదిక కోరినది. చేయి పని చేయుచుండగా బుద్ధి ప్రశ్నింపవలెను. అనుభవమంటపంలో జరిగినది అదే కదా. పగలంతా చెప్పులు కుట్టినవాడు, బుట్టలు అల్లినవాడు అక్కడ కూర్చుండి దేవుని గురించి, కులాన్ని గురించి మాట్లాడినారు.

నిర్బంధాన్ని సమర్థించువారికి బలమైన వాదం ఒకటి వీరశైవ ఆచారంలోనే దొరకును. శిశువునకు లింగధారణ చేయునపుడు ఎవరూ శిశువు సమ్మతి అడుగరు. లింగం ముందు కట్టబడును, భక్తి పిదప కుదురును. సేవ కూడ అట్లే అలవాటుగా ఆరంభమై భావంగా పండవచ్చును కదా అని అడుగవచ్చును. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. కాని అందులో ఒక సంగతి మరుగున పడుచున్నది. లింగం కట్టే గురువు మెడలో లింగమున్నది. కన్నతల్లి మెడలోను ఉన్నది. తాము ధరింపనిదానిని వారు బిడ్డ మెడలో వేయలేదు. యువకులు తప్పక సేవ చేయవలెనని సభలలో పలుకువారిలో స్వయంగా ఒక్క దినమైనా వృద్ధుని పడక ప్రక్కన కూర్చున్నవారెందరు? ఏదైనా నిర్బంధం ఉండవలసి వచ్చినచో అది మొదట పెద్దలపైన, సంస్థలపైన ఉండవలెను. రావలెనన్న యువకునికి తగిన పని చూపుట, క్షేమంగా ఇంటికి చేర్చుట, పని ఎందుకో వివరించుట, ప్రక్కన నిలిచి తామూ చేయుట వారి విధి. ఆ విధి నెరవేరినచోట యువకులు రాలేదన్న ఫిర్యాదు అరుదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు శవాలకు అంత్యక్రియలు జరిపిన స్వచ్ఛంద సేవకులకు హాజరుపట్టీ ఎవరూ పెట్టలేదు.

మఠాలకు ఈ పని కొత్త కాదు. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతి శివకుమారస్వామివారు, 2019లో 111 ఏళ్ళ వయసులో లింగైక్యం చెందిన ఆ మహనీయులు, తొలినాళ్ళలో స్వయంగా పల్లెలు తిరిగి భిక్ష స్వీకరించి విద్యార్థులకు అన్నం పెట్టినారు. అక్కడ ఆశ్రయం పొందిన పిల్లల సంఖ్య పదివేల వరకు పెరిగినది. వారిలో అన్ని కులాలవారు, మతాలవారు ఉన్నారు. స్వామి జోలె మోయుట చూచిన పిల్లవానికి సేవ గురించి వేరే పాఠం అవసరమా? తెలుగు నాట మఠాలకు ఇంత శక్తి లేకపోవచ్చును. ఊరిలో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు వ్రాసుకొని, వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరు యువకులను ఒక పెద్దవాని వెంట పంపుటకు గొప్ప నిధి అక్కరలేదు. ఆ వృద్ధులు లింగాయతులే కానక్కరలేదని వేరుగ చెప్పనేల.

ప్రతి ఏటా ఉగాది సమయాన కన్నడ దేశం నుండి వేలాది భక్తులు నల్లమల అడవి దారిన కాలినడకన శ్రీశైలం చేరుదురు. ఎండ తీవ్రంగా ఉండును, దారిలో నీరు దొరకుట కష్టం. ఆ దారి పొడవునా అన్నదాసోహాలు వెలయును. పెద్దలు పొయ్యిల వద్ద ఉందురు. పిల్లలు విస్తళ్ళు పరచి, నీరు అందించి, బొబ్బలెక్కిన పాదాలకు నూనె రాసెదరు. మరునాటి తెల్లవారుజామునకే ఇంకొక గుంపు వచ్చును, పొయ్యి మరల రగులుకొనును.