నచికేతుడి వయసు పాఠకులకు ఏ నవలలు?

పాఠశాల గ్రంథాలయానికి నవలలు ఎంచడం పైకి కొనుగోళ్ల పనిలా కనిపిస్తుంది. జాబితా వస్తుంది, టిక్కులు పడతాయి, బిల్లు అవుతుంది, పుస్తకాలు బీరువాలోకి చేరతాయి. అయితే ఆ టిక్కు పెట్టిన క్షణంలోనే ఒక పాత తాత్విక ప్రశ్నకు జవాబు చెప్పినట్టవుతుంది. ఏది తెలుసుకోవడానికి ఎవరు తగినవారు? ఆ తగినతనాన్ని తేల్చేది ఎవరు?

మన శాస్త్ర సంప్రదాయం ఈ ప్రశ్నను గ్రంథం మొదట్లోనే వేసుకుంది. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పకుండా శాస్త్రం మొదలుకాకూడదన్నారు. వీటికి అనుబంధ చతుష్టయం అని పేరు. ఇక్కడ అధికారి అంటే ఆ గ్రంథాన్ని చదవదగినవాడు. ఇవాళ్టి తెలుగులో అదే మాటకు ఆఫీసరు అని అర్థం. ఒకప్పుడు చదివేవాడి సిద్ధతను చెప్పిన మాట మంజూరు చేసేవాడి హోదా అయింది. బడి లైబ్రరీల్లో జరుగుతున్నదీ అదే. పుస్తకాన్ని తీసుకునే పిల్ల గురించి ఆలోచన తగ్గి, పుస్తకాన్ని ఇచ్చే పెద్దల భయాల గురించి ఆలోచన పెరిగింది.

అధికారం అనే భావనకు రెండు ముఖాలున్నాయి. వేదాంతం చెప్పిన సాధన చతుష్టయంలో అర్హత లోపలిది. వివేకం, వైరాగ్యం, శమదమాదులు, మోక్షం కావాలనే తపన ఉన్నవాడు అధికారి. బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణంలో అర్హత పుట్టుకది; అక్కడ శూద్రులకు వేదాధ్యయనం మూసేశారు. చదువు చరిత్రలో ఈ రెండో ముఖం చేసిన నష్టం తెలుగు సమాజానికి బాగా తెలుసు. అందుకే నవలల ఎంపికలో అర్హత మాట వచ్చినప్పుడల్లా అది ఏ ముఖమో తేల్చుకోవాలి. ‘ఈ నవల ఆరో తరగతికి బరువు, తొమ్మిదో తరగతికి సరిపోతుంది’ అంటే అది సిద్ధత గురించిన మాట. ‘ప్రభుత్వ బడి పిల్లలకు ఇంత పెద్ద నవలలెందుకు, కథల పుస్తకాలు చాలవా’ అంటే అది కొత్త వేషంలో వచ్చిన పాత తలుపు.

చట్టం ఈ విషయంలో తలుపు తెరిచే ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలూ ఉండాలి. మతం విషయానికొస్తే, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మతాల గురించి తెలియజెప్పడం మతబోధ కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ తేడా నవలకు మరింత వర్తిస్తుంది. నవలలో ఒక అమ్మాయి బతుకమ్మ పేర్చినా, ఒక అబ్బాయి నమాజుకు వెళ్లినా, ఇంకొకరు గుడిమెట్ల మీద కూర్చుని దేవుడున్నాడా అని అడిగినా అది బోధ కాదు, బతుకు.

ఈ బతుకు ఎలా ఉంటుందో చూడటానికి మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ మంచి చోటు. ఇది సింగరేణి బొగ్గుబాయిల ఊరు. ఇక్కడ ఇంటి గడియారం షిఫ్టులను బట్టి నడుస్తుంది. తండ్రి రాత్రి డ్యూటీకి పోతే తెల్లారి మళ్లీ గడప తొక్కేదాకా ఇల్లు సగం చెవితో నిద్రపోతుంది. 2021 నవంబరు 10న ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. ఇలాంటి ఊళ్లో చావు పిల్లలకు తెలియని విషయం కాదు. తెలియకుండా దాచగలిగినదీ కాదు.

అయినా పిల్లల పుస్తకాల ఎంపికలో మొదట పక్కకు పోయేవి చావు ఉన్న నవలలే. ‘చిన్నపిల్లలు, మనసు చెదురుతుంది’ అనే మాట ప్రేమతో వచ్చేదే. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఇప్పటికే చూసిన చావు గురించి మాట్లాడటానికి మాటలు దొరకని పిల్లకు ఆ మాటలిచ్చే పుస్తకం దక్కకుండా చేయడం రక్షణ అవుతుందా? జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన తొత్తోచాన్ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. ఉపాధ్యాయులు మెచ్చి పిల్లలకు చదివించే పుస్తకం అది. అందులో పోలియో వచ్చిన స్నేహితుడు చనిపోతాడు, చివరికి బాంబు దాడిలో బడి కాలిపోతుంది. అది చదివిన పిల్లల మనసు చెదరలేదు, మెత్తబడింది. దుఃఖాన్ని అబద్ధం లేకుండా చెప్పిన పుస్తకం చేసే పని అది.

ఈ విషయంలో మత సంప్రదాయమే అడ్డు వస్తుందని చాలామంది అనుకుంటారు. గ్రంథాలు చెప్పేది వేరు. కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడు. తండ్రి వాజశ్రవసుడు యాగంలో వట్టిపోయిన ఆవులను దానం చేస్తుంటే చూసి ఊరుకోలేకపోయాడు. నన్నెవరికిస్తావని మూడుసార్లు అడిగాడు, విసిగిన తండ్రి మృత్యువుకిస్తానన్నాడు. యముడి ఇంట మూడు వరాలు దొరికితే మూడోదిగా చావు తర్వాత ఏముందో చెప్పమన్నాడు. నూరేళ్లు బతికే కొడుకులు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, రాజ్యం ఇస్తాను, ఇది మాత్రం అడగొద్దని యముడు బతిమాలాడు. ఇవాళ పెద్దలు పిల్లల ప్రశ్నను మళ్లించే తీరు కూడా ఇదే. బాలుడు కదల్లేదు, యముడు చెప్పక తప్పలేదు. గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆవుల్ని చూసినప్పుడు ఆ బాలుడిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. అంటే ప్రశ్న శ్రద్ధ నుంచే పుట్టింది. అధికారి ఎవరనే ప్రశ్నకు ఈ కథ ఇచ్చే జవాబు సూటిగా ఉంది: అడిగి నిలబడినవాడే అర్హుడు. వయసును లెక్కలోకి తీసుకోలేదు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి బాలుడు ప్రహ్లాదుడు. బమ్మెర పోతన భాగవతం వల్ల చండామార్కుల బడి తెలుగు ఇళ్లలో నానుడి అయింది. తండ్రి ఎంచిన గురువులు, తండ్రి ఎంచిన పాఠాలు, తండ్రి ఎంచిన నమ్మకం. కొడుకు పాఠాలన్నీ వల్లించాడు, నమ్మకం మాత్రం తనది తాను ఎంచుకున్నాడు. తెలుగు దేశంలో భక్తికి తొలి ఉదాహరణగా చెప్పే బాలుడు తండ్రి విశ్వాసాన్ని కాదన్నవాడు. శ్రీరాంపూర్ లాంటి గనుల కాలనీల్లో క్రైస్తవ కుటుంబాలూ ఉంటాయి. లూకా సువార్తలో పన్నెండేళ్ల యేసు తల్లిదండ్రులకు కనిపించకుండా పోయి, మూడు రోజుల తర్వాత దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడుగుతూ దొరికాడు. ముస్లింలు ప్రవక్తకు అందిన తొలి వాక్కుగా భావించేది చదవమనే ఆజ్ఞనే. ఏ మతం పేరు చెప్పి పిల్ల ప్రశ్నను ఆపాలన్నా ముందు ఆ మతంలోని ఇలాంటి పిల్లలనో, ఇలాంటి ఆజ్ఞనో దాటుకుని పోవాలి.

తల్లిదండ్రుల వైపు నుంచి ఒక బలమైన అభ్యంతరం ఉంది. పిల్లను తమ విశ్వాసంలో పెంచుకునే హక్కు వాళ్లకు లేదా? ఉంది. మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలోగాని, మతపరమైన ప్రార్థనలోగాని కూర్చోబెట్టరాదని అదే 28వ అధికరణం అంటుంది. కానీ ఆ హక్కు తన బిడ్డ దాకానే వస్తుంది. ఒక ఇంటివారికి నచ్చని నవల బీరువాలోంచి తీసేస్తే నష్టపోయేది మిగతా ఇళ్ల పిల్లలు. పైగా పాఠ్యపుస్తకానికీ లైబ్రరీ నవలకూ తేడా ఉంది. పాఠం అందరూ చదివి తీరాలి. నవలను ఇష్టమైన పిల్ల తీసుకుంటుంది, నచ్చకపోతే పది పేజీల తర్వాత తిరిగిచ్చేస్తుంది. ఆ తిరిగిచ్చే స్వేచ్ఛే లైబ్రరీకి ప్రాణం.

అసలు చిక్కు పైకి కనిపించే నిషేధాల్లో కన్నా కనిపించని కొలతల్లో ఉంది. గుడిలో పూజ ఉన్న నవలను ‘సంస్కృతి’ అని తీసుకుంటారు. గోండు ఇంట్లో వాళ్ల ఇలవేల్పు పెర్సాపేన్ కొలుపు ఉన్న నవలను ‘మూఢనమ్మకం’ అని పక్కన పెడతారు. కెస్లాపూర్ నాగోబా జాతర ఈ ప్రాంతానికి దూరం కాదు. గోండుల్లోని మెస్రం వంశీయులకు అది ఎంత పవిత్రమో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో తెలియనివారు లేరు. 1940వ దశకంలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టి గోండీ వాచకాలు తయారు చేయించాడు. పిల్ల తన ఇంటి మాటను పుస్తకంలో చూసుకోవాలన్న గ్రహింపు ఈ నేల మీద అప్పుడే ఉంది. పీర్ల పండుగకు హిందువులు మొక్కే పల్లెలు తెలంగాణ నిండా ఉన్నాయి. ఇక్కడి భక్తి జనాభా లెక్కల గళ్లలో ఇమడదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిన నవలకు బీరువాలో ముందు వరుస ఇవ్వాలి.

మంత్రాలు, మాంత్రికులు, రాక్షసులు ఉన్న నవలల మీద రెండు వైపుల నుంచి అభ్యంతరం వస్తుంది. అమెరికాలో హ్యారీ పోటర్ మీద మతం పేరుతో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మన దగ్గర ఎక్కువగా శాస్త్రీయ దృక్పథం పేరుతో వస్తాయి. దీనికి జవాబు తెలుగు పత్రికా చరిత్రలోనే ఉంది. 1947లో మొదలైన ‘చందమామ’ను దశాబ్దాల పాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది. ఆయన చేతి మీదుగానే పురాణాలు, బేతాళ కథలు, మాంత్రికుల సీరియళ్లు పిల్లలకు అందాయి. ఆయన తన నమ్మకాన్ని పిల్లల ఊహకు కొలతగా పెట్టలేదు. కథలో కాసేపు నమ్మి, కథ అయిపోయాక నవ్వుకోగల శక్తి పిల్లలకు ఉంటుందని నమ్మాడు. ఎంపిక చేసేవారికి కావలసిన గుణం ఇదే: తన విశ్వాసాన్నిగాని అవిశ్వాసాన్నిగాని పాఠకుల మీద రుద్దకపోవడం.

మరి ఏదీ వద్దనకూడదా? వద్దనాలి. పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి, రంగును బట్టి, అవయవ లోపాన్ని బట్టి ఒకరిని నవ్వులపాలు చేసి, ఆ నవ్వులో పాఠకుణ్ణి కలుపుకునే నవలను వద్దనాలి. ఇక్కడ పాత పుస్తకాలకు ఇచ్చే వెసులుబాటు కొత్తవాటికి ఇవ్వనక్కర్లేదు. పరవస్తు చిన్నయసూరి 1853లో అచ్చువేసిన ‘నీతిచంద్రిక’ను ఆ కాలపు పుస్తకంగా చదివించవచ్చు. ఈ ఏడాది వచ్చిన నవల ఈ ఏడాది బాధ్యతతో రావాలి. అలాగే ప్రతి అధ్యాయం చివర నీతి వాక్యం పెట్టి, పాత్రలను ఆ వాక్యానికి కూలీలుగా వాడుకునే నవలనూ వద్దనాలి. అది దైవభక్తిని బోధించినా, నాస్తికత్వాన్ని బోధించినా లోపం ఒకటే. ప్రశ్న పుట్టకముందే జవాబు చేతిలో పెట్టేస్తుంది.

ప్లేటో ‘రిపబ్లిక్’లో పసివాళ్లకు చెప్పే కథలను పాలకులే వడపోయాలన్నాడు. దేవతలు తగాదాలాడే కథలు, పరలోకాన్ని భయంకరంగా చూపే కథలు వద్దన్నాడు. కథకు మనసును మలిచే బలం ఉందని గుర్తించడంలో అతడు సరైనవాడే. ఆ బలాన్ని ఒకే చేతిలో పెట్టడంలో పొరబడ్డాడు. 1982లో పికో కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన అభిప్రాయం, పూర్తి మెజారిటీ లేకపోయినా, భావాలు నచ్చలేదన్న కారణంతో బడి లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసేయరాదంది. ఆ తీర్పు కొత్తగా కొనే పుస్తకాల ఎంపిక జోలికి పోలేదు. న్యాయస్థానానికి ఆ గీత సరిపోవచ్చు. బడి బీరువా తప్ప మరో పుస్తకాల చోటు ఎరగని పిల్లకు తీసేసిన పుస్తకమూ కొనని పుస్తకమూ ఒకటే. కాబట్టి నైతిక భారమంతా ఎంపిక దగ్గరే ఉంటుంది.

ఎంచడానికి తెలుగులో సరుకు లేదనే మాట ఇప్పుడు చెల్లదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలు మొదలుపెట్టినప్పుడు తెలుగులో తొలి పురస్కారం కలువకొలను సదానంద నవల ‘అడవి తల్లి’కి వచ్చింది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల ‘మాయాలోకం’కు వచ్చింది. అమెరికాలోని తెలుగువారి సంస్థ తానా, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణ సంస్థ కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టి, ఎంపికైనవాటిని తక్కువ ధరకు అచ్చువేశాయి. పదో తరగతి పిల్లలకు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ కూడా అందని ఎత్తులో ఉన్నవి కావు. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటుకు ఏర్పాటు ఉంది. చిన్న మొత్తమే. ఒక్కో నవలను ఆలోచించి ఎంచాల్సిన అవసరం అందుకే ఎక్కువ.

1931లో రంగనాథన్ చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు వాడుక కోసమని. పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలన్న భయంతో బీరువాకు తాళం వేసే ఉపాధ్యాయుణ్ణి నిందించి లాభం లేదు. చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని, పిల్ల ఇంటికి తీసుకెళ్లి తిరిగి తేని పుస్తకాన్ని వాడుక ఖర్చు కింద రాసుకునే వీలు పైఅధికారులు కల్పించాలి. ఇక ఎంపిక చేసే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. జాబితా మీద సంతకం పెట్టేముందు అందులోని ఒక నవలనైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. అదే నవలను తొమ్మిదో తరగతిలో ఇద్దరికి, వీలైతే రెండు వేర్వేరు మతాల ఇళ్ల పిల్లలకు ఇచ్చి, వారం తర్వాత వాళ్లు ఏం అడుగుతారో వినండి.