మతి తప్పిన పెద్దలు – ఇంటి పరువు

వార్ధక్యమున మతి తప్పిన పెద్దల యసభ్యచేష్టలకు బాధ్యులెవరు? ఈ ప్రశ్న నడుగుటకు మన కుటుంబములు జంకును. జంకినంతమాత్రమున నది సమసిపోదు. ఇంటి స్త్రీల మౌనమునందు దాఁగియుండును. కావున మేము దీనిని విచారింపఁ బూనితిమి.

గండికోట చుట్టుపట్ల పల్లెలలో, కొడుకులు కూలికో కొలువునకో దూరపట్టణములకుఁ బోఁగా, ముసలితండ్రి సేవ కోడలిపైఁ బడిన యిండ్లు కలవు. ఎన్నఁడును పరస్త్రీని కన్నెత్తి చూడని పెద్దాయన యొకనాఁడు పదిమంది యెదుటఁ బంచె విప్పును. కోడలి చేయి పట్టుకొనును. ‘ముసలితనమున నసలు బుద్ధి బయటపడిన’దని యిరుగుపొరుగు లందురు.

ఇది యన్యాయపు మాట. మెదడు ముందుభాగము మన కోరికలకుఁ గళ్లెము వంటిది. డిమెన్షియా వ్యాధిచే నది క్షీణించినచోఁ గళ్లెము తెగును. కోడలిని భార్యయనియు, వీధిని తన గదియనియు భ్రమపడుటయుఁ గలదు. 2023లో వెలువడిన జాతీయ పరిశోధన ననుసరించి మనదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా పీడితులు. అందఱు నిట్లు ప్రవర్తింపరు; ప్రవర్తించువారు పాపులు కారు.

అయినను, రోగి నిర్దోషి యైనంతమాత్రమునఁ గోడలి బాధ యబద్ధమగునా? ‘తండ్రివంటివాఁడు, ఓర్చుకొను’మని చెప్పు కొడుకు తన ధర్మమును భార్యపై మోపుచున్నాఁడు. స్నానము చేయించుట యతని పని. తాను లేనిచో మఱియొక పురుషునిఁ గుదుర్చుట యతని విధి.

ఇఁక రోగిని తిట్టినను, ఎగతాళి చేసినను ఫలము లేదు. మానసిక రోగులను గొలుసులతోఁ గట్టుటను 2017 నాఁటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. ముందుగాఁ గారణము వెదుకవలెను. సీమ యెండకు ఉక్కపోసి బట్ట విప్పెనేమో, మూత్రమునకుఁ బోవలసి చెప్పలేకున్నాఁడేమో, మొలత్రాడు ఒరయుచున్నదేమో. మెల్లఁగాఁ జేయి విడిపించుకొని, ‘నేను మీ కోడలిని’ అని చెప్పి, అతని దృష్టిని వేఱొక పనివైపు మరల్పవలెను. వదులైన నూలుబట్ట, చేతికొక చిన్నపని, మఱుగైన చోటు తోడ్పడును. చాలనిచో జమ్మలమడుగునకో కడపకో తీసికొనిపోయి వైద్యునికి దాఁపక చెప్పవలెను. కొన్ని మందులవలనను ఇట్టి చేష్టలు కలుగవచ్చును. 2022లో నారంభమైన 14416 అను ఉచిత ఫోను సేవయందు సలహా దొరకును.

ఇంటిగుట్టు లంకకుఁ జేటందురు. ఇక్కడ గుట్టే చేటు. అది మామగారికి వైద్యమును, కోడలికి సాయమును అందనీయదు. నోరు విప్పి చెప్పిన కోడలిని నమ్ముటయే యా యింట జరుగవలసిన మొదటి చికిత్స.