ఎంపికకు ముందు కథకుడు ఎక్కడున్నాడు?

1922 డిసెంబరులో పారిస్ రైల్వే స్టేషన్‌లో ఒక పెట్టె పోయింది. స్విట్జర్లాండ్‌లో ఉన్న భర్తకు అందిద్దామని ఆయన రాతలన్నీ కార్బన్ కాపీలతో సహా సర్దుకుని బయల్దేరింది హాడ్లీ. రైలు కదిలేలోపే దొంగ ఎత్తుకుపోయాడు. ఆ భర్త ఎర్నెస్ట్ హెమింగ్వే. వయసు ఇరవై మూడు, పేరు తెలిసినవాళ్లు అంతంతమాత్రం. మిగిలిన కథలు రెండే. ఒకటి సొరుగులో పడి ఉంది. రెండోది, 'మై ఓల్డ్ మాన్', ఒక పత్రికకు వెళ్లి ఉండటం వల్ల బతికిపోయింది. ఆ పత్రిక దాన్ని వద్దంది.

కొన్ని నెలల తర్వాత ఇటలీలోని రపల్లోలో ఎడ్వర్డ్ ఓబ్రయన్‌కు హెమింగ్వే ఆ కథ చూపించాడు. ఓబ్రయన్ 1915 నుంచి ఏటేటా అమెరికన్ పత్రికల్లో వచ్చిన కథలను చదివి, వాటికి చుక్కల గుర్తులతో మార్కులు వేసి, 'ఉత్తమ కథలు' సంపుటం తెచ్చేవాడు. పత్రికలో అచ్చయిన కథనే తీసుకోవాలన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతిని పక్కనపెట్టి, ఏ పత్రికా వేయని ఈ కథను 1923 సంపుటంలోకి తీసుకున్నాడు. పుస్తకాన్నే ఆ కుర్రాడికి అంకితమిచ్చాడు. అంకితం పేజీలో ఇంటిపేరు మాత్రం 'హెమెన్‌వే' అని తప్పుగా పడింది.

పేరు తప్పు పడినా మనిషిని పోల్చుకోవడంలో ఓబ్రయన్ పొరబడలేదు. అసలు తేలాల్సింది వేరే ఉంది. ఓబ్రయన్ చదవకపోయి ఉంటే ఆ కథలో ఉన్నది ఉన్నట్టా, లేనట్టా? కొత్త రచయితను సంకలనం కనిపెడుతుందా, తయారుచేస్తుందా? సాహిత్య సభల్లో కాఫీ విరామంలో తేలిపోయే మాటలా కనిపిస్తుంది గానీ, మన దర్శనకారులు శతాబ్దాల పాటు కొట్లాడుకున్న చిక్కుముడే ఇది. సాంఖ్యుల లెక్కన నువ్వుల్లో నూనె ముందే ఉంది, గానుగ దాన్ని బయటికి తెస్తుంది అంతే. నైయాయికులు ఒప్పుకోరు. ముందు లేనిదే కొత్తగా పుడుతుందంటారు. సంకలనకర్తలను అడిగితే చాలామంది వినయంగా సాంఖ్యుల వైపే నిలబడతారు. ముందుమాటలో మాత్రం ఒక్కోసారి న్యాయదర్శనం తొంగిచూస్తుంది: ఈ రచయితను లోకానికి ఇచ్చింది మేమే అన్నట్టు.

ఈ రెంటికీ మధ్య దారి పదో శతాబ్దపు కశ్మీర శైవంలో దొరుకుతుంది. ఉత్పలదేవుడు తన ప్రత్యభిజ్ఞా గ్రంథం చివర ఒక ముచ్చట చెబుతాడు. ప్రత్యభిజ్ఞ అంటే గుర్తుపట్టడం. నాయకుడి గుణగణాలు విని మనసిచ్చిన యువతి ఉంది. అతను వచ్చి ఎదుటే నిలబడ్డాడు. ఆమెకు మాత్రం పదిమందిలో ఒకడిలా కనిపించాడు, చలనం లేదు. ఆ గుణాలు ఇతనిలోనివే అని తెలిశాక ఆమె లోకమే మారిపోయింది. అతనిలో కొత్తగా చేరింది ఏమీ లేదు. అయినా జరిగింది చిన్న సంగతి కాదు. ఉత్పలదేవుడు దీన్ని జీవుడు ఈశ్వరుణ్ణి పోల్చుకోవడానికి ఉపమానంగా చెప్పాడు. ఆదివారం అనుబంధంలో చదివి మడిచి పక్కన పడేసిన కథ, ఏడాది తిరిగాక సంకలనంలో ఎదురైనప్పుడు పాఠకుడికి కలిగే తుళ్లిపాటుకూ ఇది సరిపోతుంది. అవే వాక్యాలు, అదే ముగింపు. చూపించినవాళ్లు మాత్రం ఒకరు ఉన్నారు.

చూపించడం కూడా ప్రతిభేనని తేల్చి చెప్పినవాడు ఆలంకారికుడు రాజశేఖరుడు. కావ్యమీమాంసలో రాసేవాడి ప్రతిభ కారయిత్రి, చదివి గ్రహించేవాడి ప్రతిభ భావయిత్రి అని విడదీశాడు. అక్కడితో ఆగి ఉంటే అందరూ భుజాలు తడుముకునేవారు కాదు. భావకుల్లో నాలుగు రకాలనూ చెప్పాడు. ఏదీ రుచించనివాళ్లు అరోచకులు. గడ్డితో సహా అన్నీ నమిలేవాళ్లు సతృణాభ్యవహారులు. బాగున్నదని తెలిసీ ఓర్వలేనివాళ్లు మత్సరులు. నాలుగోవాడు తత్త్వాభినివేశి, సారాన్ని పట్టుకునేవాడు. వెయ్యిమందిలో ఒకడు దొరికితే గొప్ప అంటాడు.

వెయ్యేళ్లు దాటినా ఈ జాబితాకు పెద్దగా సవరణ అక్కర్లేదు. తెలిసిన పేర్లన్నీ సర్ది, ఎవరికీ కోపం రాకుండా తెచ్చే లావుపాటి సంకలనాలు రెండో రకం పని. ఈ మధ్య మంచి కథలే రావడం లేదని ముందుమాటలో మొదటి పేరాలోనే చెప్పేవాళ్లు మొదటి రకం. మూడో రకం వాళ్లను గుర్తుపట్టడమే కష్టం, వాళ్లు విషయసూచికలో లేని పేర్లలో ఉంటారు కనుక.

తెలుగులో ఏటేటా ఈ బరువు మోసిన పని అంటే కథాసాహితి 'కథ' సంపుటాలే ముందు గుర్తొస్తాయి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా 'కథ 90'తో మొదలై దశాబ్దాలు సాగింది. ఆ ఏడాది పత్రికల్లో వచ్చిన కథల్లోంచి కొన్నే ఏరడం పద్ధతి. జాబితా రాగానే గొడవా రావడం ఆనవాయితీ: ఫలానా కథ ఎందుకు లేదు, ఫలానాది ఎందుకుంది? ఆ గొడవ ఆరోగ్యమే. అయితే ఇలాంటి పుస్తకం చేతికి రాగానే అలవాటు పడ్డ పాఠకుడు చేసే పని వేరు. విషయసూచికలో తెలిసిన పేర్లను దాటుకుంటూ పోయి, ఎన్నడూ వినని పేరు దగ్గర వేలు ఆపుతాడు. పెద్ద కథకుడి పక్కనే, అదే అక్షరాల సైజులో, కొత్తవాడు. వారపత్రికలో పేరున్నవాడికి ముఖచిత్రం మీద చోటుంటుంది. సంకలనంలో అలాంటి తేడా ఉండదు.

కానీ ఏరడమంటే వదలడం కూడా. శాతవాహన రాజు హాలుడు కోటి గాథల్లోంచి ఏడు వందలు ఏరాడని గాథాసప్తశతి చెప్పుకుంటుంది. కోటి అన్నది అతిశయోక్తే అనుకున్నా, మిగిలినవాటి గతేమిటి? వాటిలో చాలావాటికి ఆనవాలు కూడా లేదు. వాటిని కట్టినవాళ్లు కవులు కారని ఎవరనగలరు?

భండారు అచ్చమాంబ సంగతి చూస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. ఆమె 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. మూడేళ్లకే, ముప్పై ఒకటో ఏట ఆమె కన్నుమూసింది. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా తరాల తరబడి పాఠాలు చెప్పారు. అచ్చమాంబ కథ అచ్చయిన పేజీలోనే ఉంది, ఎవరూ దాచలేదు. దాన్ని వెతికి పట్టుకునే కళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. తొలి కథ ఏదన్న వాదం ఇంకా తెగలేదు, తెగాల్సిన అవసరమూ లేదేమో. ఆమె కథను పక్కన పెట్టి మాత్రం ఇప్పుడు ఆ చర్చ సాగదు.

కాళీపట్నం రామారావు మాస్టారు ఈ చిక్కుకు తనదైన జవాబు కట్టారు, ఇటుకలతో. తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అక్కడ మంచి కథ, చెడ్డ కథ అన్న జల్లెడ లేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా రావాలన్నదే లక్ష్యం. 'యజ్ఞం' రాసిన మనిషికి కథల్లో తాలూ గట్టీ తెలియక కాదు. నేటి సంపాదకుడి తీర్పు రేపటివాడికి నచ్చకపోతే తిరిగి చూసుకోవడానికి సరుకు ఉండాలి కదా. ఓబ్రయన్‌లాంటివాడు ఈ ఏడాదికి ఎవరో చెబుతాడు. కథానిలయంలాంటిది, ఈ ఏడాది తప్పిపోయినవాడికి ఇంకో ఏడాది వాయిదా ఇస్తుంది.

ఇప్పుడు చాలామంది కొత్తవాళ్ల తొలి కథలు కాగితం మీద కాక అంతర్జాల పత్రికల్లో వస్తున్నాయి. నిర్వాహకుడికి ఓపిక తగ్గినా, సైటుకు ఏటా కట్టాల్సిన రుసుము కట్టకపోయినా పాత సంచికలు మొత్తం ఒక్కసారిగా మాయమవుతాయి. అప్పుడు పాత పుస్తకాల కొట్టులో వెతుక్కునే అవకాశం కూడా ఉండదు. వార్షిక సంకలనం తెచ్చేవాళ్లు చదవాల్సిన చోట్లు పెరిగాయి, చదవడానికి మిగిలే గడువు తగ్గింది. ఆ సంచికలను భద్రపరిచే బాధ్యత ఎవరిదో ఇంకా తేలలేదు.